సోలార్ వాటర్ హీటర్‌కి గాజు ట్యూబులా, ప్లేటు ప్యానెళ్లా? వేడి నీళ్ల లైన్‌కి ఏ పైపు వేయించాలి?

కొత్తగోడలు:

అందరికీ నమస్కారం. ఇల్లు కడుతున్నాం, స్లాబులు అయిపోయాయి, త్వరలో ప్లాస్టరింగ్ మొదలవుతుంది. ఈలోపే వేడి నీళ్ల పైపులు గోడల్లోకి వెళ్లిపోవాలి, అందుకే టెన్షన్. కింద ఒక బాత్రూమ్, వంటగది, పైన ఇంకో బాత్రూమ్. ఇంట్లో ఐదుగురం. డాబా మీద సోలార్ పెట్టించాలని గట్టిగానే అనుకున్నాం కానీ ఏది పెట్టించాలో తేలడం లేదు. ఒకాయన గాజు ట్యూబులవే తీసుకోండి, మబ్బు పట్టినా నీళ్లు కాగుతాయి అంటారు. ఇంకొకాయన ట్యూబులు పగులుతాయి, రాగి ప్లేటు ప్యానెలే ఏళ్ల తరబడి ఉంటుంది అంటారు. ఇద్దరూ అమ్మేవాళ్లే కాబట్టి ఎవరి మాట పట్టుకోవాలో అర్థం కావడం లేదు.

పైపుల సంగతి ఇంకా అయోమయం. ప్యానెల్ నుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి ఇంట్లోకి అంతా సీపీవీసీనే (వేడి నీళ్లకని చేసే పీవీసీ రకం) వేసేద్దాం అని మా ప్లంబర్ అంటున్నాడు. మా బావగారేమో పీపీఆర్ (కరిగించి అతికే ప్లాస్టిక్ పైపు) వేయించు, అతుకు దగ్గర లీకు అనే మాటే ఉండదు అంటున్నారు. మేస్త్రీ అయితే చన్నీళ్లకు వేసే మామూలు పీవీసీనే చాలు, ఎండకి నీళ్లు ఏపాటి కాగుతాయి అన్నాడు. మావి బోరు నీళ్లు, కుళాయిల చుట్టూ తెల్లగా గార కడుతుంది. సోలార్ ట్యాంకు నుంచి కింద వంటగది కుళాయి దాకా పైపు 18 మీటర్లు వస్తుంది. 25 మి.మీ. పైపు వేస్తే నీళ్లు ధారగా పడతాయంటున్నారు, నిజమేనా? షవర్ బాగా రావాలంటే ప్రెషర్ పంపు పెట్టుకోవచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నీటిపరీక్ష:

కుళాయి చుట్టూ గార కడుతుందని మీరే రాశారు, మీ ప్రశ్నలో సగానికి జవాబు అక్కడే ఉందండి. ప్యానెల్ ఎంచుకునేటప్పుడు ఎండ కంటే ముందు నీళ్లని చూడాలి.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే దాన్నే కఠినత్వం అంటాం. చల్లగా ఉన్నంతసేపు అవి నీళ్లలో కరిగే ఉంటాయి. వేడెక్కితే కాల్షియం కార్బొనేట్ బయటికొచ్చి దొరికిన చోటల్లా అంటుకుంటుంది, 60 డిగ్రీలు దాటాక ఇది బాగా వేగం పుంజుకుంటుంది. పంచదార వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది కదా, దీనిది సరిగ్గా వ్యతిరేకం. ఇప్పుడు ప్లేటు ప్యానెల్ లోపల ఏముంటుందో చూడండి. పైన ఒకటి, కింద ఒకటి కాస్త లావు రాగి గొట్టాలు, వాటి మధ్య నిలువుగా సన్నటి గొట్టాలు. ఆ సన్న గొట్టాల లోపలి ఖాళీ 10, 12 మి.మీ. మాత్రమే. దానికి చుట్టూతా ఒక మి.మీ. గార పట్టిందంటేనే నీళ్లు కదలడం తగ్గుతుంది, కదలిక తగ్గితే గొట్టం ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ గార ఇంకా పడుతుంది. మొదట్లో బాగా కాగిన నీళ్లు రానురాను గోరువెచ్చగా వస్తున్నాయని చాలామంది చెప్పేది దీని గురించే. అప్పుడు పలచటి యాసిడ్‌ను పంపుతో ప్యానెల్లో తిప్పి కడగాలి, అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

గాజు ట్యూబు 47 లేదా 58 మి.మీ. లావుంటుంది. నీళ్లు దాని లోపలే నిలుస్తాయి కాబట్టి గార పట్టినా మూసుకుపోవడమనేది అంత తొందరగా జరగదు. అడుగున పొడిలా, పెచ్చుల్లా చేరుతుంది. ట్యూబు బయటికి లాగి కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు.

మూడో దారి హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న ప్లేటు ప్యానెల్. ఇందులో ప్యానెల్లో తిరిగే నీళ్లు వేరు, మీరు వాడే నీళ్లు వేరు. ప్యానెల్లో అవే నీళ్లు మూసిన వలయంలో తిరుగుతుంటాయి కనుక అందులోకి కొత్త గార రాదు. ఎక్స్ఛేంజర్ మీద కొంత చేరుతుంది కానీ అక్కడ వైశాల్యం ఎక్కువ కాబట్టి నిదానంగా జరుగుతుంది. రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టేంత చలి ఉన్నచోట కూడా ఇదే మేలు, ఆ వలయంలో గడ్డకట్టని ద్రవం నింపొచ్చు. మామూలు ప్లేటు ప్యానెల్లో నీళ్లు గడ్డకడితే రాగి గొట్టం చీలిపోతుంది.

ముందు కఠినత్వం కొలిపించండి. టీడీఎస్ మీటరు పెట్టి చూశాం అంటారు చాలామంది. అది అన్ని లవణాలనూ కలిపి చూపిస్తుంది, గార పెట్టేవి ఎంతో విడిగా చెప్పదు. చుక్కల మందుతో చేసే చిన్న కిట్ దొరుకుతుంది. నీళ్లలో రంగు వేస్తే ముందు వైన్ ఎరుపులోకి వస్తుంది, ఒక్కో చుక్కా వేస్తూ అది నీలంగా మారేదాకా లెక్కపెట్టాలి. లీటరుకి 180 మి.గ్రా. దాటితే చాలా కఠినమైన నీళ్ల కిందే లెక్క.

పైపురెంచి:

ప్యానెల్ గురించి పైన బాగా చెప్పారు, నేను పైపుల గురించే రాస్తాను.

మేస్త్రీ మాట దయచేసి వినకండి. మామూలు పీవీసీ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అంతకు ముందు నుంచే బలం తగ్గిపోతూ వస్తుంది. సోలార్ నీళ్లు మామూలు రోజే 60 ఉంటాయి. మీరు ఊరెళ్లి నీళ్లు వాడకపోతే 90 దాటుతాయి. గోడ లోపల పైపు వంగి, అతుకు ఊడి, టైల్సు పగలగొట్టాల్సి వస్తే పడే బాధ చిన్నది కాదు.

సీపీవీసీ 93 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు. కానీ పైపు మీద అచ్చు చదవండి. ఎస్‌డీఆర్ 11 అని ఉంటే దాని గోడ మందం, ఎస్‌డీఆర్ 13.5 కంటే బలం ఎక్కువ. ఆ అంకె బయటి వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే వచ్చేది, కాబట్టి అంకె తగ్గితే పైపు బలం పెరుగుతుంది. ఎస్‌డీఆర్ 11 సీపీవీసీ మామూలు చల్లటి నీళ్లకు 400 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాకా ఆగితే, 82 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐకి పడిపోతుంది. వేడి పెరిగితే బలం తగ్గుతుందన్నది ఏ ప్లాస్టిక్ పైపుకైనా వర్తిస్తుంది. వేడి నీళ్లకు 11 తప్ప వేరేది ఒప్పుకోవద్దు.

పీపీఆర్ చెడ్డది కాదు, మీ బావగారు అన్నట్టు అతుకు నిజంగానే ఒకే ముక్క అయిపోతుంది. 260 డిగ్రీల మెషీన్ మీద పైపునీ ఫిట్టింగునీ కరిగించి కలుపుతారు. 20 మి.మీ. పైపుకి 5 సెకన్లు, 25 కి 7 సెకన్లు కాల్చాలి. పని తెలియని కుర్రాడు ఎక్కువసేపు పెట్టాడంటే లోపలికి ముద్ద కట్టి దారి ఇరుకైపోతుంది, బయటికి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అతికేవాడి చెయ్యి బాగుంటేనే పీపీఆర్.

రెండో సంగతి వ్యాకోచం. 10 మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే మామూలు పీపీఆర్ 60 మి.మీ. సాగుతుంది. అదే పొడవున్న సీపీవీసీ 26 దాకా, రాగి 7 మి.మీ. మాత్రమే. డాబా మీద పొడుగ్గా వెళ్లే పీపీఆర్ పాములా మెలికలు తిరగడానికి కారణం అదే. ఎండకి పెళుసు కూడా బారుతుంది. పీపీఆరే కావాలంటే మధ్య పొరలో ఫైబర్ ఉన్నది తీసుకోండి, సాగడం బాగా తగ్గుతుంది, ఎండ తగలకుండా కప్పి ఉంచండి.

ఇక మీ ప్లంబర్ అన్న మాట, ప్యానెల్ నుంచి ట్యాంకుకి కూడా సీపీవీసీ అని. అది మాత్రం వద్దే వద్దు. ప్లేటు ప్యానెల్లో నీళ్లు ఆగిపోతే లోపల 150 డిగ్రీలు దాటే అవకాశం ఉంది. ఆ ముక్కకి లోహమే ఉండాలి. గాజు ట్యూబుల రకంలో ట్యూబులు నేరుగా ట్యాంకులోకే దిగుతాయి కాబట్టి ఆ పైపు ఉండదు, కానీ ట్యాంకులో నీళ్లు మరిగే దాకా వెళ్లొచ్చు. 93 వరకే తట్టుకునే పైపుని ఆ మూతికి నేరుగా తగిలించకూడదు. ట్యాంకు నుంచి బయటికొచ్చే మొదటి ఒకటిన్నర మీటరు స్టెయిన్‌లెస్ స్టీలుదో రాగిదో వేసి, అక్కడ థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టి, దాని తర్వాత సీపీవీసీ మొదలుపెట్టండి. ఆ వాల్వు చన్నీళ్లు కలిపి మీరు పెట్టిన వేడి దగ్గరే నీళ్లు వదులుతుంది. పైపుకీ మంచిది, పిల్లల ఒంటికీ మంచిది. 60 డిగ్రీల నీళ్లు చర్మం కాలడానికి కొద్ది సెకన్లు చాలు. తక్కువ ప్రెషర్‌లో పనిచేసే రకమే అడగండి, లేకపోతే షవర్లో నీళ్లు సన్నగా వస్తాయి.

డాబామీద:

పైపురెంచి గారు లోహం అన్నారు కాబట్టి ఒక మాట. లోహం అనగానే జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, పట్టుకొచ్చేస్తారు. 60 డిగ్రీలు దాటిన నీళ్లలో జింకు పూత ఇనుమును సరిగా కాపాడలేదు. అంతకంటే పెద్ద తప్పు ముందు రాగి, దాని తర్వాత జీఐ వేయడం. రాగి మీదుగా వచ్చిన నీళ్లు కొద్దికొద్దిగా రాగిని మోసుకొచ్చి జీఐ లోపల చుక్కలు చుక్కలుగా తినేస్తాయి. రాగి, స్టీలు, ఇత్తడి కలిపి వాడుకోండి, జీఐ వద్దు.

నాకైతే గోడల్లోకి పెక్స్ (వంగే ప్లాస్టిక్ పైపు), మధ్యలో అల్యూమినియం పొర ఉన్న రకం ఇష్టం. చుట్ట విప్పుకుంటూ పోతే గోడలోకి దిగిన చోటు నుంచి బాత్రూమ్ దాకా మధ్యలో అతుకే రాదు, సాగడం కూడా తక్కువ. ఎండకి మాత్రం పనికిరాదు, గోడ లోపలే. బిగించేవాళ్ల దగ్గర సరైన ప్రెస్ పనిముట్టు ఉందో లేదో ముందు కళ్లారా చూడండి.

కొత్తగోడలు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండి. కిట్ తెప్పించి చూశాను, లీటరుకి 480 వచ్చింది. మామూలు ప్లేటు ప్యానెల్ అయితే ఇక పక్కన పెట్టేశాను. ట్యూబులా, హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న ప్లేటా అన్నదే మిగిలింది. పంపు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, చన్నీళ్ల ట్యాంకు డాబా మీద స్లాబుకి ఒక అడుగు ఎత్తులోనే ఉంది, దాని పక్కనే సోలార్ పెడదాం అనుకుంటున్నాం. సరిపోతుందా?

ఎండకన్ను:

సరిపోదండి, ఇది గోడలు మూసేలోపే తేల్చుకోవాల్సిన విషయం.

సోలార్ ట్యాంకులోకి చన్నీళ్లు పంపు లేకుండా వాటంతటవే దిగాలి. అందుకని చన్నీళ్ల ట్యాంకు అడుగు, సోలార్ ట్యాంకు నెత్తి కంటే పైన ఉండాలి. అలా లేకపోతే చన్నీళ్ల మట్టం తగ్గినప్పుడల్లా సోలార్ ట్యాంకు కూడా సగం ఖాళీ అవుతుంది, పై నుంచి తీసే వేడి నీళ్ల పైపుకి నీళ్లే అందవు. చన్నీళ్ల ట్యాంకు కింద దిమ్మ కట్టించి లేపండి. అలా లేపితే మీ షవర్ సమస్య కూడా కొంత తీరుతుంది. 10 మీటర్ల ఎత్తుంటే ఒక బార్ ప్రెషర్ వస్తుంది. పై అంతస్తు షవర్‌కి ట్యాంకు 3 మీటర్లు పైన ఉంటే 0.3 బార్, కింది అంతస్తుకి ఇంకో 3 మీటర్లు కలిసొస్తాయి. ఇబ్బంది పైన బాత్రూమ్‌కే.

చన్నీళ్ల పైపు సోలార్ ట్యాంకులోకి అడ్డంగా తీసుకెళ్లకుండా ఒకసారి కిందికి దింపి మళ్లీ పైకి తెచ్చి కలపండి. లేకపోతే వేడి నీళ్లు ఆ పైపులోనే పైకెక్కి చన్నీళ్ల ట్యాంకుని వెచ్చబెడతాయి. వేడి నీళ్ల లైన్‌లో మాత్రం ఎక్కడా పైకెక్కి దిగే వంపు ఉండకూడదు. అక్కడ గాలి నిలిచి నీళ్లు ఆగుతాయి, తక్కువ ప్రెషర్‌లో ఆ గాలి దానంతటది పోదు.

సోలార్ ట్యాంకు మీద గాలి పోయే సన్న గొట్టం ఉంటుంది. దాని కొస చన్నీళ్ల ట్యాంకు నిండినప్పటి నీటిమట్టం కంటే పైకి ఉండాలి, ఎవరు ఎంత చెప్పినా దాన్ని మూయించకండి, దానికి వాల్వు పెట్టించకండి. మా వీధిలో ఒకరింట్లో నీళ్లు చిమ్ముతున్నాయని దానికి మూత బిగించారు. కింద కుళాయి తిప్పి నీళ్లు లాగుతుంటే లోపలికి గాలి రాక ట్యాంకు లోపలి స్టీలు పీపా డొప్పలా నొక్కుకుపోయింది. బయటి రేకు మామూలుగానే ఉంది, లోపలిది అతుకు దగ్గర చీలి నీళ్లు పఫ్ (వేడి పోకుండా రెండు పొరల మధ్య నింపే నురుగు) లోకి ఇంకుతున్నాయి. అది బాగుచేసే వీలు లేని ట్యాంకు, మొత్తం మార్చాల్సి వచ్చింది.

ఇక పంపు. నీళ్లు నిండే గాజు ట్యూబుల రకం ప్రెషర్ కోసం చేసింది కాదు. ట్యూబు మెడ దగ్గర సిలికాన్ రింగే నీళ్లని ఆపుతుంది. ట్యాంకులోకి పోయే పైపు మీద పంపు పెడితే ఆ రింగులు ఆగవు. వేడి నీళ్లు బయటికొచ్చే లైన్ మీద మాత్రమే పంపు పెడితే మిక్సర్ కుళాయి దగ్గర వేడి నీళ్లు చన్నీళ్ల పైపులోకి తోసుకుపోతాయి. పంపు తప్పదంటే చన్నీళ్లకీ వేడి నీళ్లకీ ఒకే ప్రెషర్ వచ్చేలా రెండింటికీ పెట్టాలి, వేడిని తట్టుకునే పంపు కావాలి, రెండు లైన్లకీ నీళ్లు వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వులు కావాలి. ఇల్లంతా ప్రెషర్ ఉండి తీరాలనుకుంటే ట్యూబులు వదిలేసి ప్రెషర్ ట్యాంకుతో వచ్చే హీట్ ఎక్స్ఛేంజర్ ప్లేటు ప్యానెల్‌కి వెళ్లండి, దానికి ప్రెషర్, వేడి రెండూ మితిమీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు తప్పనిసరి. మీ ఇల్లు రెండంతస్తులే, ట్యాంకు లేపితే పంపు అవసరం రాదని నా అభిప్రాయం.

నీటిపరీక్ష:

480 అంటే బాగా ఎక్కువ. పంపు వద్దనుకుంటే మీకు ట్యూబులే నయం. ట్యాంకు అడుగున బురద వదిలే వాల్వు ఉన్నది చూసి తీసుకోండి, అప్పుడప్పుడు అది తిప్పి బురద వదిలేయండి, ట్యూబుల్లో చేరింది మాత్రం పైన చెప్పినట్టు తీసి కడగాలి.

ఐదుగురికి 200 నుంచి 250 లీటర్లు చాలు. 200 లీటర్ల నీళ్లని 25 నుంచి 60 డిగ్రీలకి తేవాలంటే 8 యూనిట్లకు పైగా కరెంటుతో సమానమైన వేడి కావాలి, అదంతా ఎండ నుంచే వస్తుంది. ముఖం భూమధ్యరేఖ వైపు ఉండాలి, మీది ఉత్తరార్ధగోళం అయితే దక్షిణానికి. వంపు మీ అక్షాంశానికి ఇంకో 10, 15 డిగ్రీలు కలిపితే చలికాలంలో, అంటే వేడి నీళ్లు నిజంగా కావాల్సినప్పుడు, బాగా పనిచేస్తుంది. చన్నీళ్ల ట్యాంకుకి దిమ్మ కట్టాక దాని నీడ ట్యూబుల మీద పడుతుందేమో కూడా చూసుకోండి.

25 మి.మీ. పైపు గురించి మీకు చెప్పింది సగమే నిజం. లోపలి వ్యాసం 25 మి.మీ. ఉన్న పైపులో మీటరుకి దాదాపు అర లీటరు పడుతుంది. 18 మీటర్లంటే 9 లీటర్లు. వంటగదిలో గిన్నె కడగడానికి కుళాయి తిప్పితే ముందు ఆ 9 లీటర్ల చల్లబడ్డ నీళ్లు పోవాలి, మీరు కట్టేశాక పైపులో మిగిలిన వేడి నీళ్లు మళ్లీ చల్లారిపోవాలి. రోజుకి ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు ఇంతే. అదే 20 మి.మీ. అయితే 5.7 లీటర్లు, 15 అయితే 3.2. కింది అంతస్తుకి ఎత్తు కలిసొస్తుంది కాబట్టి వంటగదికి విడిగా 15 మి.మీ. లైన్ దింపేయండి. పైన బాత్రూమ్‌కి ప్రెషర్ తక్కువ, దూరమూ తక్కువ, అక్కడ 25 వేసినా నష్టం లేదు. కింద బాత్రూమ్‌కి 20. అన్నింటికీ ఒకటే సైజు వేయమంటే ప్లంబర్‌కి సులువే కానీ నీళ్లు వాడేది మీరు.

పైపు చుట్టూ నురుగు తొడుగు వేయించండి, గోడ లోపల కూడా. నైట్రైల్ రబ్బరుది అయితే వేడిని బాగా తట్టుకుంటుంది. గోడ లోపల కనీసం 9 మి.మీ. మందం, డాబా మీద 19. తొడుగుతో కలిపి పైపు లావు బాగా పెరుగుతుంది కాబట్టి గోడకి గాడి కొట్టేవాళ్లకి ఈ రోజే చెప్పండి, తర్వాత అయితే గాడి చాలడం లేదని తొడుగు తీసి పారేస్తారు. డాబా మీద తొడుగు మీద అల్యూమినియం రేకు చుట్టించకపోతే ఎండకి ఆ రబ్బరు నెర్రెలిచ్చి పొడి రాలుతుంది.

డాబామీద:

ట్యూబులు అనుకుంటున్నారు కాబట్టి రెండు జాగ్రత్తలు. ఖాళీ ట్యూబు ఎండలో 200 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. మధ్యాహ్నం నీళ్లు అయిపోయాయని వెంటనే చన్నీళ్లు వదిలితే టప్పున పగులుతుంది. మొదటిసారి నింపేటప్పుడైనా, రిపేరు తర్వాతైనా తెల్లవారుజామునో, పొద్దుగూకాకో, లేదా మందపాటి గుడ్డ కప్పి చల్లారాకో నింపాలి. ఒక్క ట్యూబు పగిలినా ట్యాంకులో నీళ్లన్నీ అందులోంచే పోతాయి, కాబట్టి చన్నీళ్ల లైన్‌కి చేతికి అందేచోట గేట్ వాల్వు పెట్టించండి.

ట్యూబు కింది కొసన లోపల అద్దంలా వెండి పూత మెరుస్తుంటుంది. రెండు గాజు పొరల మధ్య శూన్యం ఉన్నంతకాలం అది అలాగే ఉంటుంది, గాలి చొరబడిందంటే పాలలా తెల్లబడిపోతుంది. బిగించే రోజు దగ్గరుండి ప్రతి ట్యూబు కొసా చూడండి. తెల్లబడిన ట్యూబు పగలదు, కారదు, కానీ రాత్రికి వేడి నిలవదు.

కొత్తగోడలు:

అయితే 200 లీటర్ల ట్యూబులది, చన్నీళ్ల ట్యాంకు కింద దిమ్మ, మొదటి ముక్క స్టీలు, మిక్సింగ్ వాల్వు, తర్వాత ఎస్‌డీఆర్ 11 సీపీవీసీ, వంటగదికి విడిగా 15. పెక్స్ బిగించే పనిముట్టు మా ప్లంబర్ దగ్గర లేదు. గాడి వెడల్పు గురించి పొద్దున్నే మనిషికి చెప్పేశాను. గోడ మూసేముందు ఏం చూసుకోవాలి?

పైపురెంచి:

మొదట గమ్ము డబ్బా చూడండి. సీపీవీసీకి సీపీవీసీ సిమెంటే వాడాలి, పీవీసీది రాస్తే చల్లగా ఉన్నంతకాలం పట్టుకుని వేడికి వదిలేస్తుంది. పైపు నిటారుగా కోశాడా, అంచు పొట్టు గీకాడా, పైపుకీ ఫిట్టింగు లోపలా రెండిటికీ సిమెంటు రాశాడా, తోసి పావు వంతు తిప్పి అర నిమిషం పట్టుకున్నాడా, ఇవన్నీ పక్కనే నిలబడితే కనిపిస్తాయి. కుళాయిలు బిగించే చోట్ల ఇత్తడి మర ఉన్న ఫిట్టింగులే ఉండాలి.

ఆఖరి అతుకు వేశాక ఒక రోజంతా వదిలేయండి. తర్వాత అన్ని మూతులకీ బిరడాలు బిగించి, నీళ్లు నింపి, గాలి పూర్తిగా పోయాక, చేతి పంపుతో మామూలు ప్రెషర్‌కి కనీసం ఒకటిన్నర రెట్లు ఎక్కించి రెండు గంటలు ఉంచండి. మీటరు ముల్లు కదలకూడదు. కదిలితే ప్రతి అతుకూ పొడి గుడ్డతో తుడిచి వేలితో తడమండి, కంటికి కనిపించని చెమ్మ వేలికి తెలుస్తుంది. కంప్రెసర్ తెచ్చి గాలితో టెస్ట్ చేస్తాం, తొందరగా అయిపోతుంది అంటారు కొందరు, అస్సలు ఒప్పుకోవద్దు. గాలి ఒత్తిడిలో ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు ఎగిరి మనుషులకి తగులుతాయి. టెస్ట్ పాసయ్యాక ప్రతి గోడకీ టేపు పట్టి, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అన్నది కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు అద్దం తగిలించడానికి డ్రిల్ పెట్టేటప్పుడు అవే కావాలి.